అడ్డగీత (17వ భాగం): సున్నా కాగితం

కిందటి వారం మీరు నన్ను తెర ముందు నోరు తెరుచుకుని కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే వదిలి వెళ్ళారు. నేనింకా అక్కడే ఉన్నాను. మధ్యలో వచ్చి చేరినవాళ్ళ కోసం నాలుగు ముక్కల్లో చెబుతాను.

అరుదైన రక్తం ఉన్న దాతల రిజిస్టరు మా ఆఫీసులో ఉంటుంది. దాని డేటాబేస్ చూసుకోవడం పదకొండేళ్ళుగా నా ఉద్యోగం. రెండు నెలల క్రితం మా వదినకి ఆపరేషన్ మధ్యలో రక్తస్రావం ఆగలేదు. ఆవిడది లక్షల్లో ఒకరికి ఉండే రకం. ఆ రకం కోడు కొట్టి దాతల కోసం వెతికింది నేనే. మూడుసార్లు వెతికాను. మూడుసార్లూ ‘ఫలితాలు: సున్నా’ అని వచ్చింది. సాయంత్రం నాలుగింటికి వదిన పోయింది. ఈ శనివారం పొద్దున వేరే పని మీద రిజిస్టరు మొత్తాన్ని మొదటి పేరు నుంచి చివరి పేరు దాకా చదివిస్తుంటే, అదే కోడుతో ఒకావిడ కనిపించింది. కొత్తగా చేరిన మనిషి కాదు, ఆరేళ్ళుగా రిజిస్టరులో ఉన్న మనిషి. ఆస్పత్రికి నాలుగు బస్సు స్టాపుల దూరంలో జిరాక్సు షాపు నడుపుతోంది.

అదీ సంగతి. నేను చేసిన మొదటి పని సిగ్గు లేకుండా మళ్ళీ వెతకడం. మామూలుగా అందరూ వెతికినట్టే కోడు కొట్టి వెతికాను. సున్నా. మొత్తం చదివిస్తే ఆవిడ ఉంది, కోడు కొట్టి వెతికితే లేదు. అలా ఎనిమిదిసార్లు చేసి ఉంటాను.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి, అది తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది. డేటాబేస్‌లో ఇండెక్స్ అంటే పుస్తకం వెనక వేసే పదసూచిక లాంటిదని అందరూ చెబుతారు. నాకూ అలాగే చెప్పారు, నేనూ పదిమందికి అలాగే చెప్పాను. పుస్తకం ఒకసారి అచ్చయితే దాని పని అయిపోతుంది. మా రిజిస్టరు రోజూ మారుతుంది. ఒక పేరు చేరిన ప్రతిసారీ ఇండెక్స్‌లోనూ దానికి తగ్గ చోటు చూసి రాయాలి. ఆ రాత మనం రాయం, మిషనే రాసుకుంటుంది. దాంతో ఇండెక్స్ తనను తాను చూసుకుంటుందని మనం నిశ్చింతగా ఉంటాం. కొత్త పేర్లు రాసుకునే మాట నిజమే. పాత పేర్లు ఉండాల్సిన చోటే ఉన్నాయా అని మాత్రం అది ఏనాడూ వెనక్కి తిరిగి చూడదు. చూడమని దానికి ఎవరూ చెప్పలేదు.

ఇండెక్స్‌లో తేడా వస్తే ఎక్కడో గంట మోగుతుందనో, ఏదో ఎర్రగా వెలుగుతుందనో కూడా అనుకుంటాం. ఏదీ మోగదు, ఏదీ వెలగదు. తప్పు చెప్పేటప్పుడు కూడా అది అంతే వేగంగా చెబుతుంది.

పదమూడు నెలల క్రితం సర్వర్ పాతబడిందని దాని కింది సిస్టమ్ అంతా మార్చి కొత్తది ఎక్కించాను. అక్షరాల్లో ఏది ముందు, ఏది వెనక అనే నియమం ఇండెక్స్ దగ్గర ఉండదు. కింద ఉన్న సిస్టమ్‌ని అడిగి తెలుసుకుంటుంది. పాత సిస్టమ్ కోడుల మధ్య ఉండే అడ్డగీతల్ని అసలు పట్టించుకునేది కాదు. కొత్తది పట్టించుకుంటుంది. తేడా అంతే. మా వదిన రక్తం కోడులో మూడు అడ్డగీతలున్నాయి.

ఇండెక్స్ అన్ని పేర్లూ చదవదు. చదవదు కాబట్టే దానికంత వేగం. మధ్యలో ఒకచోట ఆగి, నాకు కావలసింది దీనికి ముందుంటుందా, తర్వాతుంటుందా అని చూసుకుని ఒకవైపు వెళుతుంది. రెండో వైపు కన్నెత్తి కూడా చూడదు. పాత నియమం ప్రకారం పేర్చిన చోట కొత్త నియమం ప్రకారం వెతికితే ఏమవుతుందో మీరే ఊహించుకోండి. జిరాక్సు షాపావిడ పేరు రిజిస్టరులో భద్రంగా ఉంది. ఇండెక్స్ మాత్రం ప్రతిసారీ ఆవిడ లేని వైపుకే వెళ్ళి, చూసి, లేరని చెప్పి వచ్చింది. సిస్టమ్ మారాక చేరినవాళ్ళు కొత్త వరుసలోనే చేరారు కాబట్టి వాళ్ళందరూ దొరుకుతున్నారు. అందుకే ఎవరికీ ఏ అనుమానమూ రాలేదు.

ఇదంతా నాకు తెలియక జరిగిందనుకుంటే కొంత నయంగా ఉండేది. నాకు తెలుసు. సిస్టమ్ మారిస్తే అక్షరాల వరుస మారవచ్చనీ, ఇండెక్స్‌లు మళ్ళీ కట్టుకోవాలనీ ఆనాడే చదివాను. చదివి, పెద్ద తెలివైనదాన్ని కదా, ముందు పరీక్షించి చూద్దాం, అవసరమైతే కడదాం అనుకున్నాను. ప్రతి ఆదివారం రిజిస్టరు బ్యాకప్ తీసి పక్క మిషన్‌లో ఒక పరీక్ష కాపీ తయారవుతుంది. ప్రతి సోమవారం నేను ఆ కాపీలో ఇరవై కోడులు వెతికి చూసేదాన్ని. ఇరవైకి ఇరవై దొరికేవి. నోటుబుక్కులో టిక్కు పెట్టేదాన్ని. ఆ ఇరవైలో మా వదిన రకం కూడా ఒకటి. జాబితా రాసింది నేను. అందులో ఎవరికి ఏ కోడు అన్నది సోమవారం పొద్దున పూట ఎవరు చూస్తారు, అంకెలు కొట్టుకుంటూ పోతాం.

బ్యాకప్ ఇండెక్స్‌ని మోసుకురాదు. పేర్లని మాత్రం మోసుకొచ్చి, ఇక్కడ కొత్తగా ఒక ఇండెక్స్ కట్టుకో అని చెబుతుంది. అంటే పదమూడు నెలలుగా ప్రతి సోమవారం నేను పరీక్షించింది ముందు రోజు పుట్టిన ఇండెక్స్‌ని. అది తప్పు చెప్పమన్నా చెప్పదు. అసలుది పక్క మిషన్‌లో కుళ్ళిపోతుంటే నేను పసిగుడ్డుకి ఆరోగ్యం బాగుందని టిక్కులు పెట్టాను. యాభై ఆరు టిక్కులు. పొద్దున కూర్చుని లెక్కపెట్టాను.

తర్వాత ఇంకో లెక్క కూడా తీశాను. ఈ పదమూడు నెలల్లో ‘సున్నా’ అని జవాబొచ్చిన వెతుకులాటలు నలభై ఒకటి. ఆ కోడులన్నీ మొత్తం చదివించి మళ్ళీ చూశాను. పంతొమ్మిదింటికి దాతలున్నారు. ఆ పంతొమ్మిదిమంది రోగుల్లో వదిన కాక మిగతావాళ్ళు ఏమయ్యారో చూసే ధైర్యం నాకు లేదు. ఆ ఫైలు మూసేశాను.

పదకొండు గంటలకి పెద్దసారు గదికి వెళ్ళి చెప్పాను. మా ఆఫీసుకి అధిపతి. నిమ్మకు నీరెత్తినట్టు ఉంటాడు ఎప్పుడూ. ఆయన గదిలో గోడంత తెర ఒకటుంది. వచ్చిన పెద్దమనుషులకి రిజిస్టరు ఎలా పనిచేస్తుందో అందులో చూపిస్తాడు. ఎవరైనా తెలియక ఏదైనా నొక్కేస్తారేమోనని దానికి అసలు రిజిస్టరు కాకుండా పరీక్ష కాపీని కలిపింది కూడా నేనే.

నేను చెప్పిందంతా విని ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఇండెక్స్ దానంతటదే సర్దుకుంటుంది కదమ్మా?" అన్నాడు.

"సర్దుకోదు సార్. మళ్ళీ కట్టాలి."

"కట్టడానికి ఎంతసేపు?"

"నాలుగు నిమిషాలు."

"మరి ఇంకేం. నాలుగింటికల్లా కట్టేసి నాకు చెప్పండి. కట్టాక అంతా సరిగ్గానే ఉంటుంది కదా."

"ఉంటుంది సార్. అదే సమస్య. కట్టేస్తే పాత ఇండెక్స్ ఇక ఉండదు. అది తప్పు చెప్పిందనడానికి మన దగ్గర ఏమీ మిగలదు. దాన్ని ఉన్నది ఉన్నట్టు ఒక కాపీ తీసి పెడతాను. సాయంత్రం ఐదున్నర అవుతుంది. ఈలోపు ఎవరైనా రక్తం అడిగితే మొత్తం చదివించి వెతుకుతాను, ఆరు నిమిషాలు పడుతుంది, ఎవరికీ ఇబ్బంది లేదు."

"ఎవరికి చూపించడానికమ్మా ఆ కాపీ?"

ఆయన కళ్ళజోడు పెట్టుకుని, గొంతు తగ్గించి అన్నాడు. "మీ వదినగారి విషయం నాకు తెలుసు. మీరు తట్టుకోలేరు. కాపీలు తీసి ఇంట్లోవాళ్ళకి చూపిస్తే పోయిన మనిషి తిరిగి రాదు, ఉన్నవాళ్ళు కూడా ఉండరు. రేపు ఎవరైనా అడిగినా, వెతికినావిడ కంగారులో కోడు తప్పు కొట్టి ఉంటుందంటారు. వెతికింది మీరే. నాలుగింటికి కట్టేయండి."

నా మంచి కోరి చెప్పాడనే అనుకున్నాను. ఆయన ఆశ్చర్యపోలేదన్న సంగతి నేను గమనించాను. గమనించి, ఈ మనిషికి ఇండెక్స్ అంటే ఏంటో అర్థమైతే కదా ఆశ్చర్యపోవడానికి, అనుకున్నాను. నా గదికి వచ్చి కాపీ మొదలుపెట్టాను. పెట్టాను కానీ దాన్ని పూర్తికానిస్తానో, మధ్యలో ఆపేసి నాలుగింటికి ఇండెక్స్ కట్టేస్తానో నాకే తెలియదు.

మూడు గంటలకి అన్నయ్య వచ్చాడు.

అన్నయ్యది బైండింగ్ పని. పాత పుస్తకాలు విప్పి, కుట్టి, అట్టలు వేస్తాడు. ఫారాలు, అంటే పుస్తకంలో చేరే మడత కాగితాల కట్టలు, కుట్టేది వదిన. ఇప్పుడు కుట్టేవాళ్ళు లేక జిగురుతో అతికిస్తున్నాడు, అవి నెలకే ఊడుతున్నాయని తిరిగొస్తున్నాయి. శనివారం షాపు మధ్యాహ్నమే కట్టేసి నా దగ్గరికి వస్తాడు. నా గదిలో కిటికీ పక్క కుర్చీలో కూర్చుంటాడు. మాట్లాడడు. ఐదింటికి ఇద్దరం కలిసి బస్సెక్కుతాం. రెండు నెలలుగా మాకు అదే అలవాటు.

ఆ రోజు వచ్చీ రాగానే జేబులోంచి ఆ కాగితం తీశాడు. ఆ కాగితం గురించి కూడా చెప్పాలి. వదిన పోయిన రోజు నేను ఆస్పత్రికి పంపిన ప్రింటు అది. పైన కోడు, కింద ‘ఫలితాలు: సున్నా’, దాని కింద నా సంతకం. నలిగిపోతుందని వెనక పల్చటి అట్ట అతికించి, అంచులకి గుడ్డపట్టీ వేసుకున్నాడు. మంచి పుస్తకాలకి మాత్రమే వేసే పట్టీ అది. ఇంకో ఆస్పత్రికి తీసుకెళ్ళాల్సింది, ఇంకో నాలుగు రోజులు ఆగాల్సింది అని ఎవరైనా అంటే ఈ కాగితం తీసి చూపిస్తాడు. ఎవరూ లేరండీ, మా చెల్లెలే వెతికింది, అంటాడు. ఆపరేషన్‌కి ఒప్పుకుంటూ సంతకం పెట్టింది తనే. ఆ సంతకం పెట్టిన చేతికి ఈ కాగితం ఒక్కటే ఊరట.

"అంచు లేచింది చిట్టీ. నీ దగ్గర జిగురేమైనా ఉందా?"

నేను సొరుగు తెరిచాను, మూశాను, మళ్ళీ తెరిచాను. జిగురు కళ్ళెదురుగానే ఉంది. నా మొహం చూసి అన్నయ్య లేచొచ్చాడు.

"ఏమైందే?"

"ఏం లేదు."

"నీళ్ళు నమలకు. చిన్నప్పటి నుంచీ చూస్తున్నా నిన్ను. ఏమైంది?"

చెప్పకుండా ఉండిపోవచ్చు. ఇంకో గంటలో ఇండెక్స్ కట్టేస్తే ప్రపంచంలో ఈ సంగతి తెలిసినవాళ్ళు నేనూ, పెద్దసారూ తప్ప ఎవరూ ఉండరు. అన్నయ్యకి ఆ కాగితం ఉంటుంది. బతికున్నన్నాళ్ళు ఎవరూ లేరన్న మాట పట్టుకుని బతుకుతాడు. అతన్నుంచి అది లాక్కునే హక్కు నాకు ఎవరిచ్చారు అని ఒక మనసు. కింద నా సంతకం ఉన్న ఆ అబద్ధాన్ని అతను జేబులో మోస్తుంటే చూస్తూ ఎలా కూర్చుంటావు అని ఇంకో మనసు. పదకొండేళ్ళు ఎన్నో పేర్లు వెతికాను కానీ, ఇలాంటి సమయంలో ఏం మాట్లాడాలో వెతుక్కోవాల్సి వస్తుందనుకోలేదు.

"అన్నయ్యా, ఆ కాగితం తప్పు," అన్నాను.

అతను కాగితం వైపు చూశాడు. అచ్చుతప్పు అనుకున్నాడో ఏమో, వేలితో ఒక్కో వరుసా చదివాడు.

"ఏది తప్పు?"

"సున్నా."

నేను మొదటి నుంచీ చెప్పాను. సిస్టమ్ మార్చడం, అడ్డగీతలు, పాత వరుస, కొత్త వరుస, నాలుగు స్టాపుల దూరంలో ఉన్న జిరాక్సు షాపావిడ. ఎక్కడ తడబడినా అన్నయ్య ఆపలేదు. అతను చదివింది ఎనిమిదో తరగతి. పెద్దసారుకి అరగంటలో ఎక్కనిది అతనికి రెండు నిమిషాల్లో ఎక్కింది.

"అంటే," అన్నాడు నెమ్మదిగా, "పుస్తకం విప్పదీసి ఫారాలు ఇంకో వరుసలో కుట్టి, వెనక పదసూచిక మాత్రం పాతదే ఉంచేశారు. ఫలానా మాట నూటపదో పేజీలో ఉందంటుంది. తీరా చూస్తే అక్కడ ఉండదు. అంతేనా?"

"దాదాపు అంతే. కాకపోతే మనిషయితే నూటపదిలో లేదని అటూ ఇటూ తిప్పి చూస్తాడు. ఇది చూడదు. లేదనేస్తుంది."

"నువ్వయినా తిప్పి చూడలేదా?"

ఆ మాట కోపంగా అని ఉంటే బాగుండేది. నిజంగానే తెలుసుకోవడానికి అడిగాడు.

"చూడలేదు అన్నయ్యా. మూడుసార్లు వెతికాను, మూడుసార్లూ ఒకేలా వెతికాను. మొత్తం చదివించి ఉంటే ఆరు నిమిషాల్లో దొరికేది. నాకు ఆ ఆలోచనే రాలేదు. అది అబద్ధం చెబుతుందని నేను ఎప్పుడూ అనుకోలేదు. ప్రతి వారం పరీక్షించాను. పరీక్షించింది దీన్ని కాదు, దీని పక్కన ఉన్నదాన్ని."

అతను కుర్చీలో కూర్చున్నాడు. కాగితాన్ని మోకాలి మీద పెట్టుకుని లేచిన అంచుని బొటనవేలితో అదుముతూ ఉన్నాడు. అదిమినంతసేపూ ఉండి, వేలు తీయగానే మళ్ళీ లేస్తోంది. నేను ఏడ్చాను. నన్ను ఊరుకోమనలేదు. మా ఇద్దరి మధ్యా ఎప్పుడైనా నేను ఏడిస్తే ఊరుకోబెట్టేది అతనే. ఇవాళ ఊరుకోబెట్టలేదు, ఇంకెప్పటికీ ఊరుకోబెట్టడేమో అనిపించి ఇంకా ఏడ్చాను.

కాగితం మీంచి తల ఎత్తకుండానే అన్నాడు. "ఆ రోజు నువ్వు ఆస్పత్రికి వచ్చి నా పక్కనే కూర్చున్నావు కదా."

"వచ్చాను. పది గంటలకి ఇక్కణ్ణుంచి బయలుదేరాను. గది తాళం కూడా వేయలేదు, పెద్దసారు చూసుకుంటానన్నారు."

"ఆరు గంటలు కూర్చున్నాం. గోడ మీద ఆ గడియారం చూస్తూ."

"ఊఁ."

"నాలుగు బస్సు స్టాపులు," అన్నాడు.

అతను కిటికీలోంచి కిందకి చూశాడు. కింద బస్సు ఆగింది, ఇద్దరు దిగారు, ఒకరు ఎక్కారు. అది వెళ్ళేదాకా చూసి ఇటు తిరిగాడు.

"ఆవిడ ఆ రోజు ఊళ్ళో ఉందో లేదో, నీకేం తెలుసు?"

"తెలియదు."

"ఒంట్లో బాగోలేదేమో. ఫోను తీసేది కాదేమో. తీసినా నాకు కుదరదనేదేమో. జనం ముందు పేరు రాయించుకుంటారు, తీరా పిలిస్తే రారు, నువ్వే చెప్పావు ఒకసారి."

"చెప్పాను. పదిమందిని పిలిస్తే నలుగురు రారు."

"మరి ఈవిడ ఆ నలుగురిలో మనిషేమో." నా వైపు చూశాడు. అతని కళ్ళల్లో కనిపించింది ఆశ అని చెప్పడానికి నాకు మనసొప్పడం లేదు. పోయిన భార్యకి రక్తం ఇచ్చే మనిషి ఊళ్ళో లేకపోయి ఉంటే బాగుండునని ఒక మనిషి ఆశపడుతున్నాడు. ఆ స్థితికి తెచ్చింది నేను. "ఒకసారి అడుగు చిట్టీ. ఆ రోజు ఎక్కడుందో అడుగు. రాలేకపోయేదాన్ని అని ఒక్క మాట అంటే చాలు. నేను ఇంటికి వెళ్ళిపోతాను. నిన్ను ఇంకేమీ అడగను."

దాతలకి ఆరు నెలలకోసారి ఫోన్ చేసి, ఇప్పటికీ ఇవ్వగలరా అని అడగడం మా పనిలో భాగమే. ఆ ఫోన్లు వెళ్ళేది ఈ గదిలోంచే, నా బల్ల మీదున్న ఈ ఫోన్‌లోంచే. దీని నంబరు దాతలందరి దగ్గరా ఉంటుంది. ఇంకెక్కణ్ణుంచి చేసినా వాళ్ళు తీయరు. అడగడంలో తప్పేం లేదని నాకు నేను చెప్పుకున్నాను. నిజం ఏంటంటే నాకూ ఆ మాటే కావాలి. రాలేకపోయేదాన్ని అని ఆవిడ అంటే, వదిన చావులో నా వాటా సగమైనా తగ్గుతుంది.

గడియారం చూశాను. నాలుగవడానికి పది నిమిషాలుంది. కాపీ సగం దాటింది.

నంబరు నొక్కాను. అన్నయ్య వినాలని స్పీకరు పెట్టాను. నాలుగోసారి మోగాక తీసింది. వెనక జిరాక్సు మిషన్ ఆగకుండా తిరుగుతున్న చప్పుడు.

"రక్తం రిజిస్టరు ఆఫీసు నుంచండీ..."

"తెలుసమ్మా, నంబరు చూసే తీశాను. చెప్పండి, రావాలా?" కాస్త వయసు మళ్ళిన గొంతు. చప్పుడు ఆగింది. మిషన్ ఆపేసినట్టుంది.

"లేదండీ, ఇప్పుడు కాదు. మీరు ఇప్పటికీ ఇవ్వగలరా అని కనుక్కోవడానికి చేశాను."

"ఇవ్వకేమమ్మా. ఆరేళ్ళ నుంచి ఎప్పుడు ఇవ్వాల్సి వస్తుందా అని చూస్తూనే ఉన్నాను. దీనికోసమే ఊరు కూడా పెద్దగా కదలను."

అన్నయ్య తల దించుకున్నాడు. నేను అడగాల్సింది అడిగాను. వదిన పోయిన తేదీ చెప్పి, ఆ రోజు మీరు ఊళ్ళోనే ఉన్నారా అన్నాను.

"అదేంటమ్మా అలా అడుగుతారు. ఆ రోజు మీరే కదా రమ్మన్నారు."

"ఎవరు రమ్మన్నారు?"

"మీ ఆఫీసువాళ్ళే. ఇదే నంబరు. పది దాటింది. ఎవరికో ప్రాణం మీదకొచ్చింది, వెంటనే బయలుదేరమన్నారు. ముఖం కూడా కడుక్కోలేదు, షట్టరు దించేసి బస్సు స్టాపుకి పరిగెత్తాను. బస్సు ఎక్కబోతుంటే మళ్ళీ ఫోన్ వచ్చింది. అవసరం లేదు, వెళ్ళిపోండి అన్నారు. ఇంకెవరో దొరికారు కాబోలు, పోనీలే బతికారు అనుకుని వెనక్కొచ్చేశాను." తనే మళ్ళీ అడిగింది. "బతికారు కదమ్మా?"

పది దాటాక. నేను ఆస్పత్రిలో గోడ గడియారం చూస్తూ కూర్చున్నప్పుడు, తాళం వేయని ఈ గదిలో, ఈ బల్ల దగ్గర నిలబడి ఎవరో ఆవిడకి ఫోన్ చేశారు. నాకు దొరకని మనిషి వాళ్ళకెలా దొరికింది? కోడు కొట్టి వెతికితే అసలు రిజిస్టరు ఆవిడ లేదనే చెబుతుంది, అప్పుడూ ఇప్పుడూ. పరీక్ష కాపీలో వెతికితేనే దొరుకుతుంది. ఆ కాపీ రెండే చోట్ల కనిపిస్తుంది. ఒకటి నా తెర. రెండోది ఏ గది గోడ మీద ఉందో నాకు తెలుసు, నేనే తీగ లాగి కలిపాను.

"ఫోన్ చేసింది ఆడమనిషా, మగమనిషా అండీ?" అన్నాను.

"మగాయనే. రెండుసార్లూ ఆయనే."

తలుపు తట్టిన చప్పుడు. తట్టి, నా జవాబు కోసం ఆగకుండా పెద్దసారు లోపలికి వచ్చాడు. చేతిలో కళ్ళజోడు, నిదానంగా తుడుచుకుంటున్నాడు. కిటికీ పక్కనున్న అన్నయ్యని ఆయన చూడలేదు.

"ఏమ్మా, కట్టేశారా? నాలుగవుతోంది. ఇంక ఆలస్యం చేయకండి."

స్పీకరులో ఊపిరి తీసుకున్న శబ్దం వినిపించింది.

"ఇదిగో," అంది జిరాక్సు షాపావిడ. "ఈయనేనమ్మా. ఈ గొంతే."

కళ్ళజోడు తుడుస్తున్న చెయ్యి ఆగిపోయింది. అన్నయ్య కుర్చీలోంచి లేచాడు. మోకాలి మీది కాగితాన్ని తెచ్చి పెద్దసారు ఎదురుగా బల్ల మీద పెట్టాడు, అంచు లేవకుండా అరచేత్తో ఒకసారి సాపు చేశాడు. తర్వాత ఆయన్ని దాటుకుని వెళ్ళి తలుపు లోపల గడియ పెట్టాడు.